ఎడమ పురి

పోయిన వారం ముక్కు చెయ్యి భుజం దాకా డీజిల్లో ఉండగా ఆగాం. లోపల చీకట్లో ఆమె వేళ్లకి ఇంకెవరివో వేళ్లు తగిలాయి.

మధ్యలో వచ్చినవాళ్లకి నాలుగు మాటలు. అది యుద్ధట్యాంకులు బాగుచేసే షెడ్డు. అక్కడ ట్యాంకుని ట్యాంకనరు, బండి అంటారు. బండ్లలో ఇంధనం పని చూసే మనిషి ఈమె. డీజిలు వాసన చూసి అది ఎన్నాళ్లనాటిదో చెబుతుంది కాబట్టి ముక్కు అన్న పేరు అతుక్కుపోయింది. ఆమె అన్న పనిచేసిందీ ఇదే షెడ్డులో. మూడేళ్ల కిందట పరీక్షకి తీసుకెళ్లిన ఏడో నంబరు బండి కాలిపోయింది. నడుపుతున్నది అన్న, బండితో పాటే పోయాడన్నారు. ఒక నట్టుకి తాళంతీగ కట్టడం మరిచాడు, నట్టు వదిలింది, డీజిలు వేడి ఇంజను మీద చిమ్మింది అని కాగితం రాశారు. రాసింది వాళ్ల మేనమామ, షెడ్డుకి పెద్దమేస్త్రి. ఇప్పుడు దూరం నుంచి ఇంకో బండి వచ్చింది. నలభై నిమిషాలు నడుస్తుంది, గొంతు నులిమినట్టు ఆగిపోతుంది. పావుగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. పంపు మార్చారు, వడపోతలు మార్చారు. రోగం కదల్లేదు. ఇంజనుని పైకెత్తి పక్కన దించారు. ఎడమ వెనక డీజిల్ అర మూత విప్పి ముక్కు చెయ్యి పెట్టింది.

ముక్కు కేక వెయ్యలేదు. పీత బొరియలో చెయ్యి పెట్టిన మనిషి పట్టుబడ్డాక గుంజుకోడు. కదలకుండా ఉంటాడు. ముక్కు కూడా అలాగే ఉంది. పది లెక్కపెట్టింది. ఆ వేళ్లు మెత్తగా, ఉబ్బి ఉన్నాయి. గట్టిగా పట్టుకోలేదు, వదలనూ లేదు. నీళ్లలో నాచులాగా మెల్లగా ఊగుతున్నాయి. నొక్కి చూసింది. లోపల ఎముక లేదు.

లాగింది. ఈనుతున్న ఆవు కడుపులోంచి దూడ కాలు వచ్చినట్టు జారుకుంటూ వచ్చింది. చేతి తొడుగు. ఎడమ చేతిది. ముంజేతి దగ్గర్నుంచి డీజిలు ధారగా కారింది.

"ఏంటక్కా, చేప పడిందా?" అన్నాడు డ్రైవరు. బండిని తెచ్చింది అతనే. పొద్దుటినుంచి చట్రం అంచు మీద కూర్చుని కాళ్లూపుతున్నాడు.

"చెయ్యి" అంది ముక్కు.

డ్రైవరు నవ్వాడు. కిందికి వంగి చూశాక ఊపుతున్న కాలు ఆపేశాడు.

"వెనక ఎవరో గుటకలు వేస్తున్నారయ్యా అని మొత్తుకున్నాను. మా ఆఫీసరు చెవిలో గుబిలి తీయించుకోమన్నాడు. ఇదా?"

"ఇదే. ఇంజను తాగుతున్నంతసేపూ ఇది ఈదుకుంటూ పీల్చే గొట్టం మూతి దగ్గరికి చేరుతుంది. మూతికి అడ్డం పడుతుంది. ఇంజను గుక్క తిప్పుకోలేక చస్తుంది. పీల్చడం ఆగితే ఇది పట్టు వదిలి అడుక్కి పోతుంది."

"అంటే నలభై నిమిషాలకోసారి నోరు మూస్తోందన్నమాట. అరచెయ్యి పెట్టి." డ్రైవరు తన నోటిమీద చెయ్యి పెట్టుకుని చూపించాడు. చూపించాక ఆ చేతిని చూసుకుని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఎన్నాళ్లయింది ఈ రోగం?"

"పదకొండు రోజులు. రెండేళ్లుగా ఈ బండి నా చేతిలో ఉందక్కా, ఒక్కసారి దగ్గి ఎరగదు. గుట్ట కింద ఒక మకాంలో మూడు రోజులు నిలిపాం. డీజిలు పోయించుకుని బయల్దేరాం. అంతే, మొదలు."

"ఎవరు పోశారు?"

"ఎవరని చెప్పను? దుమ్ముకి అందరూ మొహాలకి గుడ్డలు కట్టుకునుంటారు. నాకు కాళ్లు తప్ప ఏమీ కనపడలేదు. బండి కింద నిద్రపోతున్నా."

"మంచి కాపలా."

"బండిని ఎవడెత్తుకుపోతాడక్కా, యాభై టన్నులు?"

టీ గంట కొట్టారు. డ్రైవరు దూకి వెళ్లిపోయాడు. పనిముట్లు ఎక్కడివక్కడ పెట్టేసి అందరూ వెళ్లారు. షెడ్డు ఖాళీ అయింది. పైకప్పు రేకుకి ఉన్న చిల్లులోంచి ఎండ కర్రలాగా దిగి బండి మీద నిలబడింది. ఇంజను తీసేసిన బండి వెనక భాగం పేగులు తీసిన గొడ్డులా ఉంది. మూత తీసిన అరలోంచి చిన్నగా చప్పుడు వస్తోంది. చెయ్యి తీసినప్పుడు లేచిన అల ఇంకా గోడలకి కొట్టుకుంటోంది.

ముక్కు తొడుగుని ఎండ దగ్గరికి తెచ్చింది. వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. చిటికెన వేలు మొదట్లోనే కుట్టేసి ఉంది. నీలి దారం. ఏడు కుట్లు, చివరిది వంకర.

ఆ వంకర కుట్టు ఎందుకు వంకర పోయిందో ఆమెకి తెలుసు. అక్కడ సూది ఆమె వేలికే దిగింది.

పనిలో చేరిన మొదటి ఏడే ఫ్యాను బెల్టు అన్న ఎడమ చిటికెన వేలు తీసుకుంది. ఖాళీ వేలు ఇనుముకి ఎర అని షెడ్డులో సామెత. వేలు లేని చోట తొడుగు వేలాడితే తిరిగే ఇనుము అందుకుంటుంది, వెనక చెయ్యి, చెయ్యి వెనక మనిషి. అందుకని ఖాళీ వేలు కుట్టెయ్యాలి. అన్న తొడుగులన్నీ ముక్కే కుట్టేది. వదిన వచ్చాక కూడా ఆ పని ఈమెదే.

"కొక్కెం వేసి వెతకొచ్చు కదే" అనేవాడు అన్న, ఆమె ఎప్పుడు అరలో చెయ్యి పెట్టినా. షెడ్డులో అందరూ కొక్కెమే వేస్తారు. కొక్కేనికి ఏం తెలుస్తుంది అని ముక్కు చెయ్యే పెడుతుంది. "పెట్టు, పెట్టు. ఏదో ఒకరోజు లోపలినుంచి ఎవరో నీతో చెయ్యి కలుపుతారు చూడు."

ముక్కు తొడుగుని గబగబా పాత గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుంది.

అప్పుడు అర తల మీద చూపు పడింది. అక్కడ జానెడు గొట్టం ముక్క ఒకటి ఉంది. ఇంజను తాగగా మిగిలిన డీజిలు దాని గుండానే అరలోకి తిరిగొస్తుంది. దాని నట్టు మీద రంగు దళసరిగా పడి ఉంది. రంగు వేసినవాడు నట్టు పక్కన ఉన్న బొడిపెని కూడా కలిపి పూసేశాడు. ముక్కు ఇత్తడి గీకుడుబిళ్లతో గీకింది. పచ్చరంగు పోయింది. దాని కింద ఎర్రరంగు. దాని కింద మసి. మసి కింద తాళంతీగ.

తాళంతీగ అంటే పెద్ద విద్యేమీ కాదు. బండి అదురుకి ఏ నట్టయినా వదులవుతుంది. అందుకని నట్టు తలకి ఉన్న చిల్లులోంచి సన్నతీగ దూర్చి, పురి పెట్టి, పక్కనున్న ఇనుముకి లాగి కడతారు. అందరూ కుడికే తిప్పుతారు. అన్న పుర్రచేతివాడు. ఎడమకి తిప్పేవాడు. అందుకే వాడికి పురికొస అని పేరు. షెడ్డు గోడకి ఒక పలక ఉంది. పని నేర్చుకున్న ప్రతివాడూ తన మొదటి పురిని ఆ పలకకి మేకుతో కొడతాడు. ముప్పై ఎనిమిది మేకులు, ముప్పై ఏడు పురులు. ఒక మేకు మూడేళ్లుగా ఖాళీ. కాగితం రాసిన రోజునే మేనమామ వాడి పురిని పీకేశాడు. వదిన ఇక్కడే బండ్లకి నంబర్లు రాస్తుంది. ఆ మేకు కంట పడకుండా వెనక గుమ్మం నుంచి వస్తుంది, వెనక గుమ్మం నుంచే పోతుంది.

గీకిన తీగ మీద ముక్కు ఉమ్మి బొటనవేలితో రుద్దింది. తీగ నీలంగా మెరిసింది. పురి ఎడమకి ఉంది.

"అమ్మాయ్."

మేనమామ ఎప్పుడొచ్చాడో తెలియదు. రబ్బరు అడుగుల బూట్లు. చేతిలో అట్టకాగితం ఉంది. బండి బయటికి పోవాలంటే ఆ అట్ట మీద ఇంధనం మనిషి రాసి ముద్ర వెయ్యాలి.

"ఏమీ దొరకలేదని రాసెయ్యి. గొట్టాలు కడిగాం, బాగుపడింది అను. రేపు మధ్యాహ్నానికి బండి వెళ్లాలి."

"దొరికింది మామయ్యా."

"ఏంటి?"

"మూడేళ్ల కిందటి నట్టు."

ఆయన వంగి చూశాడు. కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు. మళ్లీ చూడలేదు.

"ఎవడో కట్టుంటాడు."

"ఎడమకి తిప్పేవాళ్లు ఎంతమంది ఉన్నారు మన దగ్గర?"

ఆయన నడుముకున్న తాళాల గుత్తి మీద చెయ్యి వేసుకున్నాడు.

"రంగు కింద మసి ఉంది. తీగ వేడికి నీలం తిరిగింది. అంటే నిప్పు పుట్టినప్పటికే ఈ తీగ నట్టుకి ఉంది. ఇది ఏడో నంబరు అర. నువ్వు కాగితంలో రాసిన నట్టు ఇదే. వదిలిందన్నావే, చెయ్యి పెట్టి తిప్పు. ఇవాళ్టికీ బిగిసే ఉంది."

"నెమ్మదిగా మాట్లాడు."

"ఎవరున్నారు వినడానికి?"

అరలో అల ఇంకోసారి గోడకి కొట్టింది. ఇద్దరూ అటు చూశారు.

"నిండు అర కాలదు" అన్నాడు ఆయన చివరికి. పాఠం చెబుతున్న గొంతే. ఆమెకి డీజిలు వాసన చూడటం నేర్పింది ఆ గొంతే. "ఖాళీ అరే పేలుతుంది. ఇది ఆ రోజు నిండుగా ఉంది. మసి తప్ప ఏమీ కాలేదు. కొత్తవి దొరకని రోజులు. తుక్కులో వేశామని రాసి, రంగు వేయించి, ఇంకో బండికి పెట్టించాను. దూరం పోయే బండి. ఇక మన ముఖం చూడదనుకున్నాను."

"చూసింది."

"పగిలింది రబ్బరు గొట్టం. దానికి ఆరు నెలల ముందే గడువు తీరింది. వాడు వద్దన్నాడు. మార్చందే ఎక్కనన్నాడు. ఇంకొక్క పరుగుకి ఆగుతుంది, ఎక్కరా అన్నాను. గొట్టం బాగుందని వేసిన ముద్ర నాది."

"ముద్ర నీదైతే పేరు వాడిది ఎందుకు రాశావు?"

"చచ్చినవాడికి ఉద్యోగం పోదనుకున్నా."

ముక్కు ఆయన్ని చూసింది. తండ్రి పోయాక అన్నం కలిపి పెట్టిన చెయ్యి, ఆ కాగితం రాసిన చెయ్యి ఒకటే. రెండూ వేరువేరుగా కనపడాలని ఆమె కాసేపు చూసింది. కనపడలేదు.

"ఇది కూడా దొరికింది" అని గుడ్డ విప్పి తొడుగుని పనిబల్ల మీద పెట్టింది.

ఆమె అనుకున్నది ఒకటి. ఆయన తల దించుకుంటాడనుకుంది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎక్కడిదిది?"

"అరలోది."

"అబద్ధం."

"డ్రైవరు చూశాడు, అడుగు."

"అబద్ధమే అమ్మాయ్. ఆ అర నా చేత్తో కడిగాను. రెండుసార్లు. లోపల దీపం దింపి చూశాను. ఈగ కూడా లేదు. మూత నేనే వేశాను, తీగ నేనే కట్టాను. ఇంకొకరి చేత చేయిస్తే చూస్తారని ఆ పని ఎవరికీ చెప్పలేదు."

"మూత తీగ ఎటు తిప్పావు?"

"ఎటేంటే? కుడికి. నా జన్మలో ఎడమకి తిప్పానా?"

తెంపిన తీగ ముక్క బండిలో పడకూడదని షెడ్డు కట్టుబాటు. తెంపినవాళ్లు జేబులో వేసుకోవాలి. పొద్దున మూత విప్పేటప్పుడు ముక్కు చూడకుండానే కత్తిరించి చూడకుండానే జేబులో వేసుకుంది. ఇప్పుడు జేబులో చెయ్యి పెట్టింది. తియ్యడానికి ముందు వేళ్లతో తడిమింది. తడిమినప్పుడే తెలిసింది.

తీగని ఎండలో పట్టుకుంది. కొత్తది. మిలమిలలాడుతోంది. దాని మీద రంగు లేదు, మసి లేదు. ఒక్క వానలో కూడా తడిసినట్టు లేదు. పురి ఎడమకి.

మేనమామ దాన్ని అందుకుని కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. వేళ్లతో గాల్లో తిప్పి చూసుకున్నాడు, ఇటు, అటు.   పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు.

"పదకొండు రోజుల కిందట ఎవరో ఈ మూత విప్పారు" అంది ముక్కు. "ఈ తొడుగు లోపల వేసి, మళ్లీ కట్టారు. రోగం పెట్టి పంపితే బండి ఆసుపత్రికే వస్తుంది. ఇక్కడ అరలో చెయ్యి పెట్టేది నేనొక్కదాన్నే. ఆ సంగతి తెలిసినవాడే వేశాడు."

"అలా మాట్లాడకు."

"పెట్టెలో ఏముంది మామయ్యా?"

"ఏ పెట్టె?"

"నలుగురు మోసిన పెట్టె. వదినని మూత తియ్యనివ్వని పెట్టె."

ఎండ కర్ర బండి మీంచి జరిగి నేల మీదికి దిగింది. ఆయన బూట్ల దాకా వచ్చింది. ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"బండి అడుగున తలుపు ఉంటుంది కదా, డ్రైవరు సీటు వెనక" అన్నాడు. ఎవరితోనో కాదు, నేలతో అన్నట్టు. "చల్లారాక ముందు దిగింది నేనే. సీటు కాలిపోయి ఉంది. సీటు మీద వాడి నంబరు బిళ్ల ఉంది. అడుగు తలుపు తెరిచి ఉంది. వాడు లేడు. నేల మీద ఈడ్చుకుపోయిన చార ఉంది, పొదల దాకా. పొదల తరవాత లేదు. రెండు రోజులు వెతికాను, ఒక్కణ్ణే. ఎవరికైనా చెబితే తలుపు సంగతి చెప్పాలి, తలుపు చెబితే వాణ్ణి నేనే బలవంతంగా ఎక్కించిన సంగతి చెప్పాలి. ఆ కాలిన ఒంటితో ఎన్నాళ్లు బతుకుతాడులే అనుకున్నా. మూడోరోజు పెట్టెలో ఇసుక పోశాను."

"వదిన ఇసుక మీద పడి ఏడ్చింది."

"ఊ."

"మూడేళ్లుగా తెల్లారి లేచి ఆ ఇసుకకే దండం పెడుతోంది."



ముక్కు ఆయన చేతిలోంచి తీగ తీసుకుంది. ఆయన వేళ్లు తేలిగ్గానే వదిలాయి. గోడ దగ్గరికి నడిచింది. ఖాళీ మేకు తుప్పు పట్టి ఉంది. దానికి ఆ కొత్త పురిని తగిలించింది. ముప్పై ఏడు కుడిపురుల మధ్య ఒక్క ఎడమపురి. ఎవరైనా వచ్చి తీస్తారేమోనని వెనక్కి తిరిగి చూసింది. పెద్దమేస్త్రి లేవలేదు.

బయట టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు. డ్రైవరు దేనికో పకపకా నవ్వుతున్నాడు. ఇంకో రెండు నిమిషాల్లో అందరూ వస్తారు.

"ఏం రాస్తావు?" అన్నాడు ఆయన.

"దొరికింది రాస్తాను."

"రాస్తే నేను మిగలను అమ్మాయ్."

"రాయకపోతే వాడు మిగలడు."

పెన్సిలు తీసుకుంది. అట్ట మీద గళ్లు ఉన్నాయి. ఎక్కడ దొరికింది, ఏం దొరికింది, ఎలా ఉంది. దొరికిన వస్తువుని కంటితో చూసి రాయకూడదు, ముట్టుకుని లెక్కపెట్టి రాయాలి. అదీ ఆయన నేర్పిందే. ఎడమ వెనక అర అని రాసింది. ఎడమచేతి తొడుగు, ఒకటి అని రాసింది. చిటికెన వేలు నీలి దారంతో కుట్టి ఉంది అని రాసింది.

మిగతా వేళ్లు లెక్కపెట్టడానికి తొడుగుని వెల్లకిలా పరిచింది. ముడుచుకుపోయిన వేళ్లని ఒక్కొక్కటే సాగదీసింది. బొటనవేలు తెరుచుకుంది. చూపుడువేలు తెరుచుకుంది. మధ్యవేలు తెరుచుకుంది.

ఉంగరపు వేలు తెరుచుకోలేదు.

డీజిలుకి అంటుకుపోయిందేమో అని గోటితో లేపింది. అంటుకోలేదు. మొదటికంటా కుట్టేసి ఉంది. దారంతో కాదు. సన్నటి తాళంతీగతో. కుట్టు కుట్టుకీ పురి పెట్టి, ప్రతి పురీ ఎడమకి.

"మామయ్యా, అన్నకి ఎన్ని వేళ్లు పోయాయి?"

"అదేం ప్రశ్న? ఒక్కటే." ఆయన లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. తన ఎడమ చెయ్యి పైకెత్తి చిటికెన వేలు మడిచి చూపించబోయాడు. తొడుగు కనపడింది. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. "బండెక్కేనాటికి ఒక్కటే."

ముక్కు తొడుగులోకి తన వేలు పోనిచ్చి ఆ కుట్టుని లోపలినుంచి తడిమింది. తీగ కొసలన్నీ ఒకదాని పక్కన ఒకటి ఓపిగ్గా బయటి వైపుకి మడిచి ఉన్నాయి. తొడుక్కునే చేతికి గుచ్చుకోకుండా.